బడి భోజనానికి కృతజ్ఞత ఎవరికి?

సర్కారు బడిలో మధ్యాహ్నం కంచంలో పడే గుడ్డుకి పిల్లలు ఎవరికి రుణపడాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆ భోజనం ‘జగనన్న గోరుముద్ద’. 2024లో ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’ అయింది. నాయకుడి పేరుకన్నా అన్నదాత పేరు మేలే. అయినా నాకొక చిక్కు కనిపిస్తోంది. లంకల గన్నవరంలో సీతమ్మగారు దారినపోయేవాళ్లకి అన్నం పెట్టారు. పెట్టకపోయినా ఆమెని అడిగేవాళ్లు లేరు. అందుకే అది దానం. బడి భోజనం అలా కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా అది పిల్లల హక్కు. దానం పుచ్చుకున్నవాడు పప్పు నీళ్లలా ఉందని అనలేడు. హక్కున్నవాడు అనగలడు. ఏడో తరగతి పిల్ల లేచి ‘ఇవాళ గుడ్డేది సార్?’ అంటే మనం దాన్ని పొగరంటామా, సివిక్స్ బాగా చదివిందంటామా? వండి వడ్డించే ఆయమ్మకి థాంక్స్ చెప్పమందాం. ప్రభుత్వానికి మాత్రం అక్కర్లేదనే నా అభిప్రాయం.