ఎరువియ్యరాని సొత్తు

ఒక వస్తువు మనదని చెప్పుటకు గుర్తేమి? మన యింట నున్నంతమాత్రమున మనది కాదు. పొరుగింటి పీటలు పెండ్లినాడు మన పందిటిలో నుండవచ్చును. వెల యిచ్చినంతమాత్రమునను మనది కాదు. రైలు టిక్కెట్టు కొన్నవాడు బండికి యజమాని కాడు. మన శాస్త్రకారులు స్వత్వమునకు లక్షణము చెప్పుచు యథేష్టవినియోగార్హత యనిరి. ఎవడు దేనిని తన యిచ్చవచ్చినట్లు వినియోగింపదగునో అది వాని సొత్తు. దానమనగా తన స్వత్వమును విడిచి ఇతరునకు స్వత్వము కలిగించుట యని వారే చెప్పిరి. అట్లైన, ఇయ్యజాలనివాడు యజమాని యగునా? ప్రశ్న ప్రాచీనమైనదే. పిల్లల వీడియో ఆటలు దానిని మరల మన ముంగిట నిలిపినవి.

2013 మే 21వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారు ఎక్స్‌బాక్స్ వన్ అను ఆటయంత్రమును ప్రకటించిరి. జూన్ 6వ తేదీన దాని నిబంధనలు వెలువడినవి. ఆటను డిస్కురూపమున కొన్నను, యంత్రము 24 గంటల కొకమారైన ఇంటర్నెట్టుద్వారా కంపెనీవారికి హాజరు పలుకవలెను. పలుకనిచో ఆట సాగదు. ఆడిన డిస్కును మరల అమ్మవలెనన్న, ఆటను ప్రచురించినవారు సమ్మతింపవలెను. అదియు వారొప్పిన దుకాణములయందే. స్నేహితునకు ఉచితముగా నియ్యవలెనన్నను వారి సమ్మతి కావలెను. ఆ స్నేహితుడు యంత్రములోని మిత్రుల పట్టికయందు 30 దినములైన నుండియుండవలెను. అటుపిమ్మటను ఒక ఆట ఒక్కసారియే చేయి మారవచ్చును. ఎరువిచ్చుటకు మొదట వీలే లేదు. అటుకుల మూటతో వచ్చిన కుచేలుని, పట్టికలో నెన్నాళ్లనుండి యున్నావని ద్వారకలో నెవరు నడుగలేదు!

జనులు ఊరకుండలేదు. జూన్ 10వ తేదీన సోనీ కంపెనీవారు తమ ప్లేస్టేషన్ 4 యంత్రమున వాడిన డిస్కుల కట్టి అడ్డు లేదని ప్రకటింపగా సభ చప్పట్లతో మ్రోగెను. జూన్ 19వ తేదీన మైక్రోసాఫ్టువారు తమ నిబంధనలను విరమించుకొనిరి. ఒక ఆటను కుటుంబములోని పదిమంది వరకు పంచుకొనవచ్చునని వారు మొదట చేసిన వాగ్దానమును గూడ ఆనాడే విడిచిరి. ఆ సదుపాయము మంచిదే. కాని పదుమూడు దినములలో ఇచ్చి తీసికొనదగినది హక్కు కాదు, అనుమతి. హక్కునకును అనుమతికిని గల భేదమును ఈ యొక్క ఉదాహరణము చాలినంత బోధించుచున్నది.

ఇక నిర్మాతల పక్షమును వినకుండుట న్యాయము కాదు. ఒక పెద్ద ఆటకై వందలకొలది జనులు ఏండ్ల తరబడి శ్రమింతురు. పుస్తకము చేతులు మారినకొలది నలుగును. డిస్కులోని ఆట పదవవానికిని క్రొత్తదే. వాడిన డిస్కు అమ్ముడైనప్పుడు నిర్మాతకు దమ్మిడీ రాదు. ఈ వాదమున బలము లేకపోలేదు. అందుచేతనే నకలు తీసి పంచుటను మేము దొంగతన మనుటకు సంకోచింపము. కాని ఎరువు నకలు కాదు. డిస్కు పొరుగింటికి పోయినప్పుడు మన యింట ఆట ఆగిపోవును. మన డెల్టాలో కాలువనీరు వంతులవారీగా పారునప్పుడు ఒక రైతు మడికట్టినగాని వేరొకనికి నీరందదు. నీరు రెట్టింపు కాలేదు, వాడుక మారినది. ఒక ప్రతికి ఒక వెల ముట్టినది. ఆ ప్రతి ఒకనాటి కొకచోటనే యున్నది. ఇందు నిర్మాత కెవరును బాకీపడలేదు. పుస్తకముల విషయమున మన 1957 నాటి కాపీరైటు చట్టమును, ప్రతులను ప్రజలలో విడుదల చేయు హక్కును రచయిత కిచ్చుచు, అదివరకే వ్యాప్తిలో నున్న ప్రతులను అందుండి మినహాయించినది.

ఈ మినహాయింపే లేనిచో ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమ మెట్లు నిలుచును? 1914 ఏప్రిలులో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు గ్రంథాలయసభ జరిపినప్పుడుగాని, 1935లో కృష్ణ యావలియొడ్డున పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పుస్తకముల పడవ కాలువవెంట నడచినప్పుడుగాని, ఈ రేవున దిగు పాఠకుడు మీ మిత్రుడై ముప్పది దినములైనదా యని అడుగు ప్రచురణకర్త లేడు. కొన్న ఒక్క ప్రతి ఊరూరి చేతులకు పోయెను. అక్షరాస్యులు పెరిగిరి, పుస్తకములు కొనువారును పెరిగిరి.

మన భాషలో ఇచ్చిపుచ్చుకొనుటకు మాటలు వేరువేరుగా గలవు. వడ్డీకి తెచ్చిన రూక అప్పు. సోలెడు బియ్యము తెచ్చి సోలెడు బియ్యమే తీర్చినది బదులు. తెచ్చిన వస్తువునే తిరిగి యిచ్చునది ఎరువు. ఈ మూటియందును ఎరువే నమ్మకమునకు గట్టి పరీక్ష. వస్తువు విరుగవచ్చును, రాకపోవచ్చును. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత యున్నను పమిడిముక్కలలోగాని ఉయ్యూరులోగాని ఎరువు లేని వీధి యున్నదా? పిల్లవాడు తన బంతిని తోడివాని కిచ్చి, అది వచ్చువరకు ఓర్చి, చిరిగివచ్చినప్పుడు క్షమించి, పదిమందిలో మెలగ నేర్చును. ఆ బంతి ఎవరికి చేరవలెనో కంపెనీవారు నిర్ణయించునప్పుడు బాలునికి తప్పినది ఆట కాదు, ఔదార్యమునకు అవకాశము.

2013 నాటి విజయము స్థిరమని యెంచరాదు. 2020 నుండి డిస్కు పెట్టుటకు చోటే లేని ప్లేస్టేషన్ 5 యంత్రములును అమ్ముచున్నారు. తీగవెంట దిగిన ఆటను అమ్ముటకుగాని వేరొకరి కిచ్చుటకుగాని సాధారణముగా వీలుండదు. 2025లో వెలువడిన నింటెండో స్విచ్ 2 అట్టి ఆటలను ఎరువియ్యనిచ్చును. కాని కుటుంబపు పట్టికలోనివారికే, రెండు వారములకే. నిషేధముగా రానిది సౌకర్యముగా వచ్చుచున్నది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుండి అమలైన చట్టము, అనుమతి మాత్రమే యిచ్చువారు ఆ సంగతిని స్పష్టముగా తెలుపక "కొనుడు" అను మాట వాడరాదని శాసించినది. మాటకు అర్థము నిలుపుట ధర్మమునకు మొదటి మెట్టు. అట్టి శాసనము మనకును కావలెను.

కొన్ని క్రొత్త ఆటల వెల నేడు 4,999 రూపాయలు. అది మన గృహస్థులలో పెక్కుమందికి చిన్న మొత్తము కాదు. కొనుటకు ముందు తల్లిదండ్రులు దుకాణదారు నొక్కమాట యడుగవలెను: దీనిని మా పిల్లవాడు పొరుగింటి పిల్లవాని కియ్యవచ్చునా? ఇయ్యవచ్చు నన్నచో వెల యిచ్చి తీసికొనుడు. ఇయ్యరా దన్నచో అది అద్దె యని యెరిగి, అద్దెకు తగిన వెల యెంతయో బేరమాడుడు.