పంచకాలములు – గృహస్థుని దినచర్య

పోయిన ధనమును మరల ఆర్జింపవచ్చును. గడచిన పూట మరల రాదు. అందుచేతనే రేపటి పనులను నేడే పుస్తకమున వ్రాసికొను అలవాటు పెక్కు గృహములలో కనబడుచున్నది. అది మంచిదే. కాని వ్రాయుటకు కూర్చున్నవాడు పనికి లేవనిచో ఆ వ్రాత వలన ఫలమేమి?

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ ఉప్పుమడులకు ప్రసిద్ధి. ఉప్పు పండించువారు ముందుగా నేల చదును చేసి గట్లు వేయుదురు. గట్టు లేనిచో నీరు నిలువదు. అయినను గట్టున ఉప్పు పండదు. మడిలో నీరు పారవలెను, ఎండ కాయవలెను, మనిషి దిగి పాటుపడవలెను. అకాలవర్షమునకు పేరిన ఉప్పు కరిగిపోయినచో వారు గట్టును నిందించుచు కూర్చొనరు. మడిని మరల సిద్ధము చేసికొందురు. వ్రాసికొన్న దినచర్య గట్టు వంటిది. జీవనము మడిలోని నీరు వంటిది.

పూర్వాచార్యులు ఈ మర్మము నెరిగినవారు. పాంచరాత్రము వైష్ణవుని దినమును 5 భాగములు చేసినది. ప్రాతఃకాలమున భగవంతుని ఆశ్రయించుట అభిగమనము. పూజాద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. ఆరాధనము ఇజ్య. శాస్త్రపఠనము స్వాధ్యాయము. రాత్రివేళ భగవద్ధ్యానము యోగము. వేదాంతదేశికులు శ్రీపాంచరాత్రరక్షలో దీనిని విపులముగా చర్చించిరి. ఇందు ఉపాదానమును ప్రత్యేకముగా గమనింపవలెను. పువ్వులు కోయుట, బియ్యము తెచ్చుట కూడ భగవత్కైంకర్యమే యైనవి. ఏర్పాట్లు చేసికొనుటకే ప్రత్యేకించిన ఆరవ కాలము మాత్రము అందు లేదు.

నియమమునకు, ఎదుటనున్న ధర్మమునకు విరోధము వచ్చినప్పుడు ఏమి చేయవలెను? అంబరీషుని చరిత్రమే సమాధానము. సంవత్సరము పాటించిన ద్వాదశీవ్రతమునకు పారణసమయమున దుర్వాసుడు అతిథియై వచ్చి, స్నానమునకై యమునకేగి ఆలస్యము చేసెను. ద్వాదశి అర్ధముహూర్తమే మిగిలినది. అతిథికంటె ముందు భుజింపరాదు, పారణ తప్పరాదు. రాజు పెద్దలనడిగి జలము మాత్రము పుచ్చుకొనెను. మహర్షి కోపించి కృత్యను సృజించెను. సుదర్శనము దానిని దహించి ఆయనను లోకములన్నిట తరిమెను. ఆయన తిరిగి వచ్చువరకు సంవత్సరకాలము అంబరీషుడు జలమే ఆహారముగా వేచియుండెను. అర్ధముహూర్తము కొరకు అంత జాగ్రత్త పడినవాడే అతిథి కొరకు ఏడాదిని లెక్కచేయలేదు! నియమము తెలియుటయనగా ఇదియే.

పారాయణవేళ వృద్ధమాత మంచినీరడిగినచో, ఆ పని పుస్తకమున లేదని విసుగుకొనరాదు. ఆమెకు నీరందించుట పారాయణమునకు భంగము కాదు. పారాయణము నేర్పినది అదియే. రాత్రి పుస్తకము మూయునపుడు మిగిలిపోయిన పనులను లెక్కించి కుములుటకు మారు, జరిగినదానిని శ్రీమన్నారాయణున కర్పించి నిద్రింపవలెను. మరునాటి పుటలో ఒక పంక్తి ఖాళీగా విడువవలెను. ఆ పంక్తిని నింపువాడు భగవంతుడు. ఆయన ఒక్కొక్కప్పుడు అతిథి రూపమున, ఒక్కొక్కప్పుడు ఆకలిగొన్నవాని రూపమున ముందుగా తెలుపకయే వాకిట నిలుచును.