లీకు ఆగింది, ఇంజన్ పోయింది: గీత 18వ అధ్యాయం, 25వ శ్లోకం

పోయిన శనివారం వీడియోలో పద్దెనిమిదో అధ్యాయం, 25వ శ్లోకం దగ్గర టైమ్ అయిపోయి ఆపేశాం. తామస కర్మ. ఈ మాట వినగానే మనలో చాలామంది తాగుడు, జూదం, అతినిద్ర అనుకుని, "నాకు అలాంటివేం లేవులే" అని హాయిగా తర్వాతి శ్లోకానికి వెళ్లిపోతాం. కానీ ఆ శ్లోకంలో ఇవేవీ లేవు. అది పని ఎగ్గొట్టినవాడి గురించి కాదు, పని చేసినవాడి గురించి. పర్యవసానం, నష్టం, హింస, తన శక్తి, ఈ నాలుగూ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పని తామసం అన్నాడు స్వామి.

ఇందులో రెండు పదాలు తెలుగువాళ్లని తికమక పెడతాయి. "అనుబంధం" అంటే మనకు అన్నాచెల్లెళ్ల ప్రేమ గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం అది కాదు. చేసిన పనికి కట్టుకుని దాని వెనకాలే వచ్చేది. అలాగే "పౌరుషం" అంటే మీసం మెలేయడం కాదు, ఈ పని నాకు చేతనవునా అని చూసుకోవాల్సిన సామర్థ్యం. మన వాడుకలో రోషం అయిపోయింది గానీ, గీతలో అది కొలత.

దీనికి ఈ సంక్రాంతికి మా ఊళ్లో చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. మాది బాపట్ల జిల్లా కొల్లూరు. (కోహినూర్ దొరికిందని చెప్పే కొల్లూరు అనుకునేరు, ఆ గనులు పల్నాడు వైపు, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. మాది కృష్ణ ఒడ్డున, పసుపు, అరటి, కంద పండే లంకల పక్కన.) మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. బయల్దేరే ముందు ఇంజన్ అడుగున ఆయిల్ చుక్కలు పడుతున్నాయని ఒక గ్యారేజీలో ఇచ్చాడు. పూట తిరక్కుండా చేసి ఇచ్చారు. చుక్క కూడా కారలేదు. తెనాలి దాటాక డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. అప్పటికే లోపల్నుంచి టకటకమని చప్పుడు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది!

బండిని లాక్కెళ్లి తెనాలిలో ఒక పెద్దాయన షెడ్డులో పెట్టాం. ఆయన అడుగున ఉండే ఆయిల్ సంపు విప్పి చూపించాడు. లీకు ఆపడానికి అంచు చుట్టూ పూసే గ్యాస్కెట్ పేస్టు సన్నగా ఒక గీతలా పెట్టాలి. అక్కడ దోసెకి చట్నీ పూసినట్టు పూశారు. బోల్టులు బిగించినప్పుడు ఎక్కువైంది కొంత బయటికి, కొంత లోపలికి వస్తుంది. బయటిది గుడ్డతో తుడిచేశారు, నీట్‌గా కనిపించింది. లోపలిది ముక్కలై ఆయిల్‌లో పడి, పంపు ముందుండే జల్లెడకి అతుక్కుంది. సంపులో ఆయిల్ ఉంది, పైకి మాత్రం వెళ్లదు. క్రాంక్ షాఫ్ట్‌ని మోసే బేరింగ్ షెల్స్ ఆయిల్ పొర లేక రాసుకుని, పైపూత పోయి రాగి రంగు తేలింది.

అనుబంధం అంటే ఇదే. వెయ్యి రూపాయల పని వెనకాల ఏం కట్టుకుని వచ్చిందో చూడండి.

కరకట్ట పక్కన పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. కట్టకి బుంగ పడితే, ఊరి వైపు నీళ్లు వచ్చే చోట మట్టి కుక్కేస్తే సరిపోదు. చూడ్డానికి ఆగినట్టుంటుంది, నీరు లోపలే ఇంకో దారి తవ్వుకుంటుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి లంకలు మునిగినప్పుడు, మావాళ్లు రాత్రంతా కట్ట మీద టార్చిలైట్లు పట్టుకుని తిరిగారు. కంటికి కనపడే చెమ్మ గురించి కాదు వాళ్ల భయం.

ఇక ఆ పెద్దాయన పని చెప్పాలి. పాత పేస్టు గీకడానికి స్క్రూడ్రైవర్ తీసుకోలేదు, చెక్కముక్క తీసుకున్నాడు. అల్యూమినియం మీద గీత పడితే ఆ గీత వెంటే మళ్లీ ఆయిల్ కారుతుందట. వస్తువు పట్ల కూడా హింస ఉంటుందని నాకు అప్పుడు అనిపించింది. బేరింగ్ క్యాపులు విప్పేముందు ఒక్కొక్కదానికి గుర్తు పెట్టాడు, ఎక్కడిది అక్కడికే వెళ్లాలి కాబట్టి. క్రాంక్‌ని లేత్ వర్క్స్‌కి పంపి 0.25 మిల్లీమీటర్లు అరగదీయించి, దానికి సరిపడే కొత్త షెల్స్ వేశాడు. ఆయిల్ దారులన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాడు. నాలుగు రోజులు పట్టింది.

నాకు ఆలయ జీర్ణోద్ధరణ గుర్తొచ్చింది. గర్భగుడి ముట్టుకునే ముందు స్వామి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచుతారు. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి 28 దాకా భక్తులు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు. ఎందుకంత క్రమం? బాగుచేసే చెయ్యి కూడా పాడు చేయగలదని మన పెద్దలకు తెలుసు. చరక సంహితలోనూ ఇదే మాట ఉంది: తెలిసినవాడి చేతిలో తీక్ష్ణమైన విషం మందవుతుంది, తెలియనివాడి చేతిలో మందే విషమవుతుంది.

మా తమ్ముడికి మాత్రం ఒళ్లు మండిపోతోంది. "అన్నయ్యా, క్షమించమని చెబుతావు కదా, చెప్పు చూద్దాం" అన్నాడు. నేను చెప్పలేదు. బిల్లు ఉంది, పాడైన షెల్స్ ఉన్నాయి, తీసుకెళ్లి డబ్బు అడగమన్నాను. ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. క్షమ అంటే బిల్లు చింపేయడం కాదు. యుద్ధం వద్దన్న అర్జునుడికే అంత గీత చెప్పాల్సి వచ్చింది, న్యాయం అడగడం పాపమైతే మొదటి అధ్యాయంతోనే అయిపోయేది.

అయితే అడగడం వేరు, ఆ మనిషిని లోపల పెట్టుకుని తిరగడం వేరు. ఈ తేడా ఆ పెద్దాయన దగ్గరే చూశాను. "చేసినవాడు ఎవడో గానీ దుర్మార్గుడు కదండీ" అని మా తమ్ముడు అంటే, ఆయన తల ఎత్తకుండా, "ఆయనెవరో నాకు తెలీదు బాబూ. ఎంత పూశాడో తెలుసు, అది తీస్తే చాలు" అన్నాడు. తిట్టుకుంటూ బోల్టు బిగిస్తే బిగింపు ఎక్కువవుతుందని కూడా అన్నాడు, నవ్వుతూ. ఆయన టార్క్ రెంచ్ చేతిలో ఉన్నా అన్న మాట అది.

మీలో చాలామంది ఆఫీసుల్లో ఎవరో హడావిడిగా రాసి వదిలేసిన కోడ్ సరిచేస్తుంటారు. కొందరు ఇంట్లో ఎవరో తెంపిన మాటల్ని కలుపుతుంటారు. ఇంకొకరి తామస కర్మ మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు మీరేం చేస్తారన్నది 26వ శ్లోకం, సాత్త్విక కర్త. ఫలించినా ఫలించకపోయినా చలించనివాడు, నేను చేశానని చెప్పుకోనివాడు. శనివారం అది చూద్దాం. ఈలోగా 28వ శ్లోకం కూడా ఒకసారి చదివి రండి, అక్కడ "దీర్ఘసూత్రి" అని ఒక మాట ఉంది, దాని గురించి చాలా మాట్లాడుకోవాలి.

జై శ్రీకృష్ణ.