కాఫీ మిషను కొనే ముందు ఒక మాట

అమ్మడూ,

నువ్వు పంపిన ఎస్ప్రెసో మిషను ఫోటో చూశాను. బాగుంది. వంటింటి గట్టుమీద పెడితే ఇంటికే కళ వస్తుంది. కొనొద్దని అనను. నీ సంపాదన, నీ ముచ్చట. ఆర్నెల్లు ఆగి కొనమంటాను, అంతే. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ మిషను చేసేది ఒకటే పని. వేణ్ణీళ్లను మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో పొడిలోంచి నెట్టేస్తుంది. పాతిక, ముప్పై సెకన్లలో పని అయిపోతుంది. అంత కొద్ది సేపట్లో సారం దిగాలంటే పొడి బాగా మెత్తగా ఉండాలి, పైగా రేణువులన్నీ ఒకే తీరుగా ఉండాలి. మన కొట్లలో ఫిల్టరుకని మర ఆడించే పొడి దానికి సరిపోదు. అందులో చికోరీ ఉంటే మరీ పేచీ, తడవగానే బంకబంకగా అయి నీళ్లను దిగనివ్వదు. అంచేత మిషనుతోపాటు మంచి గ్రైండరూ కొనాలి. దాని ఖరీదు ఒక్కోసారి మిషను ఖరీదుకు దీటుగా ఉంటుంది. ఇంత ఖర్చూ పెట్టాక వచ్చేది మంచి కాఫీయే కావచ్చు గానీ, నువ్వు పుట్టింట్లో తాగిన కాఫీ మాత్రం కాదు. నీకు కావలసింది పొద్దున్నే గ్లాసు నిండా చిక్కటి పాల కాఫీ. దానికి నాలుగు ముక్కల స్టీలు ఫిల్టరు చాలు.

డబ్బు ముందు పొడిమీద పెట్టు. కాఫీ రుచిలో పెద్ద వాటా పొడిదే, పాత్రది కాదు. వేయించిన గింజ వారం, రెండు వారాలు మంచి ఊపులో ఉంటుంది. నెల దాటితే వాసన పలచబడుతుంది. మర ఆడించిన పొడికి అంత గడువు కూడా ఉండదు. అందుకని కిలో ప్యాకెట్టు తగ్గింపు ధరకు వస్తోందని ఆశపడకు. మీ పేటలో కళ్లెదుట మర ఆడించి ఇచ్చే కొట్టు ఏదో వెతుక్కో. రెండు వందల గ్రాములకు మించి ఒకసారి తేకు. గాలి చొరబడని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా, వెలుతురు తగలని అల్మరాలో పెట్టు. ఫ్రిజ్‌లో పెట్టావంటే తీసిన ప్రతిసారీ డబ్బాకు చెమ్మ పడుతుంది, పక్కనున్న ఉల్లిపాయ ముక్కల వాసన కూడా పొడికి పడుతుంది.

కొట్టువాడు 'ఏ రకం కావాలమ్మా?' అని అడుగుతాడు. నోరెళ్లబెట్టకు. ప్లాంటేషన్ అంటే పండు పైగుజ్జు తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా గింజ. ఎ, బి అనేవి గింజ సైజు. పీబీ అంటే పీబెర్రీ. మామూలుగా కాఫీ పండులో రెండు పప్పులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక్కోసారి ఒక్కటే పెరిగి గుండ్రంగా తయారవుతుంది, అదే పీబీ. అరబికాలో వాసన ఎక్కువ, రోబస్టాలో చేదూ చిక్కదనమూ ఎక్కువ, కెఫీన్ దాదాపు రెట్టింపు. పాల కాఫీకి ప్లాంటేషన్ ఎ, పీబీ సగం సగం కలిపించుకుని మొదలుపెట్టు. కొంచెం ఘాటు కావాలనిపిస్తే తర్వాత రోబస్టా ఒక పాలు కలపమను.

ఇక చికోరీ. కాఫీ పురుగులు కొందరు దాని పేరెత్తితేనే ముఖం చిట్లిస్తారు. నాకా పట్టింపు లేదు. అదో మొక్క వేరు, ఎండబెట్టి వేయించి పొడి కొడతారు, అందులో కెఫీన్ ఉండదు. పాలు పోసినా డికాక్షన్ రంగు పల్చబడకుండా, నాలికమీద కాస్త బరువుగా నిలిచేట్టు చేసేది అదే. కానీ కాఫీకన్నా చవక. అందుకే ఉదారంగా కలిపేస్తారు. మన దేశంలో చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే 49 శాతం వరకూ చికోరీ ఉన్నా అది న్యాయంగా అమ్ముడుపోయే సరుకే. ప్యాకెట్టు మీద ఎంత శాతమో అచ్చేసి తీరాలి, కొనేముందు అది చదువు. నా లెక్కలో పదిహేను శాతం సొగసు, ఇరవై సరిహద్దు. ఆపైన తాగేది కాఫీ అనుకోవడం మన భ్రమ. అనుమానం వస్తే గ్లాసుడు చన్నీళ్లమీద చిటికెడు పొడి చల్లి చూడు. కాఫీ పొడి పైన తేలుతుంది. చికోరీ కాసేపట్లోనే గోధుమరంగు చారలు వదులుతూ కిందికి దిగిపోతుంది.

ఇప్పుడు ఫిల్టరు. మీరిద్దరూ, మీ అత్తగారూ, మొత్తం ముగ్గురు. మీ అమ్మ ఇచ్చిన పెద్ద ఫిల్టరు చుట్టాలొచ్చినప్పటికి దాచిపెట్టు. పెద్దదాంట్లో కొంచెం పొడి వేస్తే అడుగున పలచగా పరుచుకుంటుంది, నీళ్లు సారం తీసుకోకుండానే జారిపోతాయి. పై గిన్నెలో పొడి సగానికి కాస్త తక్కువగా నిండే సైజు చూసుకో. ఇత్తడిది వేడి బాగా నిలుపుకుంటుంది, నిజమే. కానీ లోపల కళాయి ఉండాలి, అది పోయినప్పుడల్లా మళ్లీ పోయించాలి. కళాయి వేసేవాళ్లు మీ కొండాపూర్‌లో ఎక్కడ దొరుకుతారు? స్టీలుదే కొను.

నలభై గ్రాముల పొడికి నూట అరవై మిల్లీలీటర్ల నీళ్లు, ఇది నా కొలత. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు తనలోనే ఉంచేసుకుంటుంది, అందుకని కిందికి దిగేది ఎనభై మిల్లీలీటర్లు, అటూ ఇటుగా. చిన్న గ్లాసులతో ముగ్గురికి సరిపోతుంది. ఒక చిన్న తూకం మిషను కొనుక్కో. స్పూను లెక్క ఇంటింటికీ మారుతుంది, నీ చేతిలోనే రోజుకోలా మారుతుంది.

పొడి వేసి గిన్నెను అటూ ఇటూ మెల్లగా తట్టు, సమంగా సర్దుకుంటుంది. కాడ ఉన్న చిల్లుల బిళ్ళను దానిమీద పెట్టి ఊరికే ఆనించు. అదిమేయకు. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టి అర నిమిషం ఆగు. ముందు పొడి తడిసేటన్ని మాత్రమే పోయి. తాజా పొడి అయితే బుసబుసమని పొంగుతుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అప్పుడు బయటికొస్తుంది. ఆ పొంగు లేదంటే నీకు అమ్మింది పాత సరుకు, కొట్టు మార్చు. అర నిమిషం తర్వాత మిగతా నీళ్లు చుట్టూ తిప్పుతూ పోసి మూతపెట్టి, నీ పని నువ్వు చూసుకో.

పదిహేను, ఇరవై నిమిషాల్లో దిగాలి. అయిదు నిమిషాల్లో దిగిపోతే పొడి బరక, లేదా తక్కువ వేశావు. గంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా బిళ్ళను నొక్కేశావు. ఒక్కోసారి ఈ రెండూ కాదు. కింది గిన్నెకు పై గిన్నె బిగుతుగా కూర్చుని లోపలి గాలి బయటికి పోయే దారి లేక ఆగిపోతుంది. పై గిన్నెను కాస్త ఎత్తి పెట్టు, బొట్టు బొట్టు మళ్లీ మొదలవుతుంది. దబదబా బాదడం, బిళ్ళను ఇంకా నొక్కడం, ఇవి మీ పెదనాన్న చేసే పనులు కావు, నువ్వూ చేయకు.

రాత్రే ఫిల్టరు వేసి పడుకోవచ్చా అని అడిగావు. వాసన కొంత పోతుంది, కాదనను. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పదిమందికి కాఫీలు అందించాల్సిన ఇల్లాళ్లు పెట్టుకున్న ఏర్పాటది, దాన్ని చిన్నచూపు చూడకు. నీకు షిఫ్టు ఉన్న రోజున నువ్వూ అలాగే చెయ్యి. డికాక్షన్‌ను మాత్రం ఎప్పుడూ పొయ్యిమీద మరిగించొద్దు. మరిగితే వాసన ఆవిరవుతుంది, చేదు మిగులుతుంది. చల్లారిపోతే ఆ గిన్నెను వేణ్ణీళ్ల గిన్నెలో కాసేపు ఉంచు. రెండో డికాక్షన్ సంగతి అంటావా, మన ఇళ్లలో అది ఎవరికి పోస్తారో అందరికీ తెలుసు, మాట్లాడుకోకపోవడమే మర్యాద.

పాలు ఫుల్ క్రీమ్‌వి తీసుకో. అందులో వెన్న ఆరు శాతం ఉంటుంది. టోన్డ్ పాలలో మూడే. నీళ్లు కలపకు. అప్పటికప్పుడు కాచిన పాలకూ, మూడోసారి వేడిచేసిన పాలకూ కాఫీలో తేడా ఇట్టే తెలిసిపోతుంది. ముందు గ్లాసులో పంచదార, దానిమీద డికాక్షన్, ఆపైన పొగలు కక్కే పాలు. గ్లాసులోంచి దబరాలోకి రెండు మూడు సార్లు తిరగబోస్తే నురగా వస్తుంది, పంచదారా కరుగుతుంది. బారెడెత్తు నుంచి పోయడం హోటళ్లలో చూడ్డానికి బాగుంటుంది. ఇంట్లో కాఫీ చల్లారిపోతుంది, గట్టు తుడవాల్సి వస్తుంది.

నీళ్ల గురించి ఒక మాట. బోరు నీళ్లు వాడకు. ఆ ఉప్పదనం కాఫీలోని సన్నటి పులుపును చంపేస్తుంది, ఫిల్టరు చిల్లులకు తెల్లగా పొక్కు కడుతుంది. తాగే నీళ్లే పోయి. చిల్లులు పూడుకుంటే పాత టూత్‌బ్రష్‌తో తోము, అప్పటికీ పోకపోతే నిమ్మరసం కలిపిన వేణ్ణీళ్లలో కాసేపు నానబెట్టు. గిన్నె అడుగును వెలుతురుకు ఎత్తి చూస్తే ఎన్ని చిల్లులు మూసుకుపోయాయో కనిపిస్తుంది.

అల్లుడుగారు పాలు లేకుండా నల్ల కాఫీ తాగుతారన్నావు. దానికి మన ఫిల్టరు పనికిరాదు, అంత చిక్కటి డికాక్షన్‌లో ఊరికే నీళ్లు పోసుకు తాగితే ఎవరికైనా మొహం మొత్తుతుంది. ఆయనకు ఫ్రెంచ్ ప్రెస్ కొను, పెద్ద ఖరీదు కాదు. చికోరీ లేని పొడి, ఇడ్లీ రవ్వంత బరకగా, పదిహేను గ్రాములు. రెండు వందల యాభై మిల్లీలీటర్ల నీళ్లు. నాలుగు నిమిషాలు ఆగి జల్లెడను నెమ్మదిగా కిందికి దించి, మొత్తం వేరే గ్లాసులోకి వంచేయాలి. అందులోనే వదిలేస్తే సారం ఇంకా దిగుతూనే ఉండి చేదెక్కుతుంది. అడుగున మడ్డి నచ్చకపోతే కాగితం ఫిల్టరు ఉంది. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్స్ అనే ఇల్లాలు కొడుకు పుస్తకంలోని అద్దుడు కాగితాన్ని, చిల్లులు పొడిచిన ఇత్తడి గిన్నెలో పరిచి కాఫీ వడకట్టింది. ఈరోజు షాపుల్లో గొప్పగా పోసే పోర్‌ఓవర్ ఆ వంటింట్లోంచి వచ్చిందే. 1933 నాటి ఇటలీవాళ్ల మోకా పాట్ కూడా మంచిదే గానీ, అల్యూమినియంది మీ ఇండక్షన్ పొయ్యిమీద వేడెక్కదు. కొంటే స్టీలుదే కొనండి.

ఆయన కప్పుకు అరకు గింజలు తెప్పించు. పాడేరు, అరకు కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు మిరియాల తీగలు పాకించి పండించే అరబికా అది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేతగా, నడిమి రంగులో వేయించినవి అడుగు. నల్లగా నూనె తేలేదాకా వేయించాక గింజ ఏ కొండదో ఎవరికీ తెలియదు, అన్నీ ఒకే చేదు. పాలతో కలిపి అంత మంచి గింజను ముంచేయడం కూడా నాకు మనసొప్పదు. నల్లగానే తాగనివ్వు.

గింజలు తెస్తే మిక్సీలో కొట్టకు. బ్లేడు కొంత దుమ్ము చేస్తుంది, కొంత పలుకుగా వదిలేస్తుంది. దుమ్ములోంచి చేదు, పలుకుల్లోంచి పులుపు, రెండూ ఒకే కప్పులోకి వస్తాయి. పైగా ఆ జారులో నిన్న ధనియాలు కొట్టి ఉంటావు. చేత్తో తిప్పే బర్ గ్రైండరు దొరుకుతుంది, రెండు పళ్ల చక్రాల మధ్య గింజ సమంగా నలుగుతుంది. మొదటి పెద్ద ఖర్చు దానిమీద పెట్టు. తిప్పే పని అల్లుడుగారికి అప్పగించు.

చివరగా, మీ అత్తగారి సంగతి. ఆవిడ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని, వెంటనే కాఫీ గ్లాసు అందుకుంటారని మీ అమ్మ చెప్పింది. కాఫీ ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఆగాలి. పెద్దావిడకు ఎదురు చెప్పినట్టు కాకుండా నువ్వే సర్దుబాటు చెయ్యి తల్లీ. ఆవిడ మాత్ర వేసుకున్న అరగంటకు ఫిల్టర్లో నీళ్లు పోయి. డికాక్షన్ దిగి, పాలు కాగేసరికి గంట అవుతుంది.