కొనువాడొక్కడే యైనపుడు

వనపర్తి మార్కెట్టు యార్డునకు వేరుసెనగ తెచ్చిన రైతును, గద్వాల ప్రాంతమున ప్రత్తివిత్తనము పండించు రైతును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, స్వేచ్ఛ యను మాటకు మనము చెప్పుకొను అర్థము ఎంతవఱకు నిలుచునో తెలియును. మొదటివాడు కాయను కుప్ప పోయును. వర్తకులు చూచి ధర చెప్పుదురు. వారు లోలోపల నొక్కటైనారని అతనికి అనుమానము కలుగవచ్చును, అది నిజమును కావచ్చును. అయినను బస్తాలను మరల బండి కెత్తించి నాగర్‌కర్నూలునకో, అచ్చంపేటకో పోవుటకు అతనికి దారి యున్నది. బాడుగ నష్టమే కాని దారి మాత్రమున్నది.

రెండవవాని కా దారి లేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో అతడు నాటు ఆడవరుసల విత్తనమును, మగవరుసల విత్తనమును కంపెనీవి. వానిని తెచ్చియిచ్చువాడు ఆర్గనైజరు. ఎరువులకు, కూలికి అప్పిచ్చువాడును సాధారణముగా అతడే. పండిన గింజ నింకొకరికి అమ్ముటకు వీలులేదు. మామూలు ప్రత్తిగా మిల్లునకు తోలినచో పెట్టుబడియైనను రాదు. కంపెనీకి చేరిన గింజ జీవోటీ యను పరీక్షకు పోవును. ఫలితము వచ్చువఱకు పూర్తి సొమ్ము చేతికి రాదు. పరీక్ష తప్పినదని కబురు వచ్చినచో, ఆ మొక్కలు మొలచిన మడి యెక్కడిదో అతడు చూచియుండడు.

ఇతడు ధర కొప్పుకొన్నాడు. ఎవరును మెడమీద కత్తి పెట్టలేదు. మఱి ఆ యొప్పుకోలు స్వేచ్ఛతో నిచ్చినదేనా? మా ప్రశ్న యిదియే.

కంపెనీలు అనేకము లున్నవి గదా, ఇష్టము లేనివాడు వేఱొకదానికి పండించరాదా యని కొందఱందురు. విత్తుటకు ముందు ఆ మాట కొంత నిజము. అప్పటికే పాతబాకీ యున్నవానికి అదియు నిజము కాదు. విత్తిన మఱునాటినుండి మాత్రము అందఱికిని కొనువాడొక్కడే. ఒక దినమున ఎన్నుకొను హక్కుండి, తక్కిన సంవత్సరమంతయు లేకుండుటను స్వేచ్ఛ యనుటకు మాకు నోరాడదు.

వర్తకుల కట్టును రాజ్యము అదుపు చేయవలయునను తలంపు క్రొత్తది కాదు. వర్తకులు కూడబలుకుకొని సరకును బిగబట్టినను, తగని ధర కమ్మినను వేయిపణములు దండనయని కౌటిల్యుడు విధించెను. అమెరికావారు 1890లో షెర్మన్ చట్టము చేసిరి. మన దేశమున 1969లో గుత్తాధిపత్య నిరోధక చట్టమును, దాని స్థానమున 2002లో పోటీ చట్టమును వచ్చినవి. ఈ చట్టముల చరిత్రలో ప్రత్తివిత్తనమునకు గొప్ప చోటున్నది. పురుగును తట్టుకొను బీటీ జన్యువునకు మోన్‌శాంటో సంబంధపు సంస్థ వసూలు చేయు రుసుము అన్యాయమని నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తాధిపత్య కమిషను నాశ్రయించెను. 1,600 రూపాయలు దాటియుండిన 450 గ్రాముల పొట్లము 750 రూపాయలకు దిగినది. తరువాత కేంద్రప్రభుత్వము 2015 డిసెంబరులో ధరల నియంత్రణపు ఉత్తరువు చేసి, 2016లో పొట్లమునకు 800 రూపాయలు, అందులో జన్యువు రుసుము 49 రూపాయలు అని నిర్ణయించెను. ఆ రుసుము 2019 నాటికి 20 రూపాయలై, 2020లో పూర్తిగా పోయినది.

అదే 2016 ఫిబ్రవరిలో పోటీ కమిషను మోన్‌శాంటోపై విచారణకు ఆజ్ఞాపించెను. ఫిర్యాదిదారులలో నూజివీడు సీడ్స్ ఒకటి. ఉభయ కంపెనీలును 2021లో రాజీపడినవి. పేటెంటు పొందినవాడు లైసెన్సు నిచ్చుటలో చేయు పనులను విచారించు అధికారము పేటెంటు చట్టమునకే గాని పోటీ కమిషనునకు లేదని ఢిల్లీ హైకోర్టు 2023 జూలైలో తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిలో జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. తొమ్మిదేండ్ల వ్యాజ్యములో తేలిన ధర్మము మాకు కనబడలేదు.

ఈ కలహమంతయు పెద్ద కంపెనీకిని చిన్న కంపెనీకిని, కంపెనీకిని పొట్లము కొను రైతునకును సంబంధించినది. ధరల ఉత్తరువును చూడుడు. విత్తనపు విలువ, జన్యువు రుసుము, వర్తకుని లాభము, పన్నులు అన్నియు లెక్కకు వచ్చినవి. విత్తనము పండించినవాని కెంత యీయవలయునో చెప్పు గడి అందులో లేదు. పైన ధరకు మూత పెట్టి, క్రింద నేల పోయుట మఱచినారు.

నేల లేనిచో బరువు ఎవరిపై పడును? ప్రత్తివిత్తనమునకు సాయంకాలము మొగ్గలను చిదిమి పుప్పొడి తిత్తులను తీసివేసి, మఱునాటి ఉదయమున మగపువ్వును తెచ్చి రుద్దవలయును. ఇది ప్రతి పువ్వునకును చేతితో చేయు పని. పెద్దల కూలి యీయజాలని రైతు పిల్లలను పిలిచెను. కంపెనీ లిచ్చు ధరకును, పొలములలోని బాలకార్మికులకును గల సంబంధమును 2005లోనే దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కొర్టా అనువారు ఆంధ్రప్రదేశ్ విషయమున పరిశోధించి వ్రాసిరి. బడిమానిన బాలికకు తండ్రిని నిందించుట మన సంస్కర్తలకు అలవాటు. ఆ నిందలో కొంత కొనువానికిని పంచవలసియున్నది.

కంపెనీవారి పక్షమునను మాటలేకపోలేదు. కల్తీగింజ పొట్లములోనికి పోయినచో నష్టపడువాడు ఇంకొక రైతే. కావున పరీక్ష ఉండవలసినదే. మేము కాదనము. కాని త్రాసును, సరకు కొను చేయియు ఒకరివే యైనచో తూకమును నమ్ముమనుట యెట్లు? నమూనాను మూడు భాగములు చేసి, ఒకటి రైతుకడ, ఒకటి ప్రభుత్వ పరీక్షాశాలలో నుంచుట అసాధ్యమగు పని కాదు. ఒప్పందపు ప్రతి నొకదానిని రైతు చేతి కిచ్చుటకు కాగితము ఖర్చు తప్ప వేఱు లేదు.

అమ్ముకొనువాని బాధను చట్టము చూడజాలదనుటయు సరికాదు. మాంసపు వ్యాపారులకు పశువుల నమ్ము రైతులను కాచుటకే అమెరికాలో 1921లో ప్రత్యేకచట్టము పుట్టినది. అక్కడనే 2022లో పెంగ్విన్ రాండమ్ హౌస్, సైమన్ అండ్ షూస్టర్ అను రెండు ప్రచురణ సంస్థలు ఏకము కాకుండ న్యాయస్థాన మాపినది. కారణము పుస్తకముల ధర పెరుగుననుట కాదు, రచయితల కిచ్చు ముందుసొమ్ము తగ్గుననుట. వ్రాయువానికి చెల్లిన న్యాయము విత్తువానికేల చెల్లదో మాకు తెలియదు.

మన పోటీ చట్టము నాలుగవ సెక్షను అన్యాయపు ధరను నిషేధించుచు, అమ్మకమున మాత్రమే కాక కొనుగోలునందును అని స్పష్టముగా వ్రాసినది. ఆ మాటను పట్టుకొని కమిషను తలుపు తట్టవలసినవాడు మాత్రము, మరుసటి యేడు విత్తుటకు ముందు, అదే ఆర్గనైజరు అరుగుమీద, పాతబాకీ లెక్కయు క్రొత్త విత్తనమును తేలువఱకు కూర్చుండవలసినవాడు.