లెక్క అడగడం అవమానమా?

“లెక్క చెప్పండి” అంటే మనలో చాలామంది నొచ్చుకుంటారు. “నన్ను దొంగ అనుకుంటున్నారా?” అని ఎదురు అడుగుతారు. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఇలా నొచ్చుకోవడం న్యాయమేనా? కాస్త ఆలోచిద్దాం.

క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్సు నగరంలో పదవి ముగిసిన ప్రతి అధికారీ లెక్క ఒప్పజెప్పాలి. గుడి పూజారులకు కూడా మినహాయింపు లేదు. డబ్బు చేతపట్టనివాడు సైతం తాను ఏమీ తీసుకోలేదని, ఖర్చు పెట్టలేదని రాసి ఇవ్వాలి. లెక్క తేలేవరకు దేశం దాటరాదు. క్రీ.పూ. 330లో ఎస్కినీస్ అనే వక్త ఈ నియమాలను న్యాయస్థానంలో వివరించాడు. అందరినీ అడిగేచోట అవమానానికి తావులేదు. ఏరి కొందరినే అడిగితేనే అది అనుమానం అవుతుంది.

నా జేబులోని డబ్బు నేను ఎవరికైనా లెక్క అడగకుండా ఇవ్వవచ్చు. అది నా ఔదార్యం. కాని ప్రజాధనం నాది కాదు. సబ్బు కొన్న కూలితల్లి కూడా అందులో పన్ను కట్టింది. ఆ సొమ్ము విషయంలో “పోనీలే” అని ఊరుకుంటే అది ఔదార్యం కాదు. ఆమె హక్కును ఆమెకు చెప్పకుండా నేను వదిలివేయడం!

1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఈ హక్కును వాడి చూపింది. ప్రభుత్వ పనుల లెక్కలను ఊరివారి ఎదుట చదివి వినిపించింది. ఆ ఉద్యమం 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారితీసింది. 2006 నుండి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. ఆడిటరు రశీదును చూడగలడు. ఆ రోజు పని జరిగిందా, కూలి ముట్టిందా అన్నది కూలికే తెలుసు.

“లెక్కల భయంతో పనులే ఆగిపోవా?” అని కొందరంటారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. అందుకే పొరపాటు వేరు, దొంగతనం వేరు అని గుర్తించాలి. చిన్న ఉద్యోగిని శిక్షించి, పెద్దవాణ్ణి వదిలేస్తే ఆ తనిఖీయే అన్యాయం అవుతుంది.

ఇక మన ఇంటి సంగతి. ప్రభుత్వ గ్రాంటు అందుకునే పాఠశాలలు మనకూ ఉన్నాయి. వాటిని లెక్క అడిగితే “మైనారిటీ హక్కులపై దాడి” అని తొందరపడవద్దు. సంస్థను నిర్వహించే హక్కు అంటే దాన్ని అస్తవ్యస్తంగా నడిపే హక్కు కాదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యాబిల్లు విషయంలో స్పష్టం చేసింది. ప్రభుత్వ నిధులు గణనీయంగా పొందే ప్రభుత్వేతర సంస్థలూ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019లో తీర్పు చెప్పింది. విశ్వాసులు అర్పించిన కానుకలకు వారికే లెక్క చెప్పాలని 1983 నాటి మన శ్రీసభ చట్టం 1287వ నియమం కూడా ఆదేశిస్తోంది. కానుకకే లెక్క ఉన్నప్పుడు పన్నుకు ఉండదా?

కాబట్టి ఈసారి గ్రామసభకు వెళ్లండి. పాఠశాల తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లండి. కాగితం చదివి, మర్యాదగా అడగండి. జవాబు చెప్పే స్థానంలో మీరే ఉంటే, అడగకముందే గోడమీద లెక్క అంటించండి. నిజాయితీపరుడికి అంతకు మించిన రక్షణ లేదు.