చుక్కలు చూపించేవారికి ఒక ప్రశ్న

గ్రహణానికి ముందు నరసరావుపేటలోనో మాచర్లలోనో ఒక బడి ఆవరణలో ఖగోళ ప్రసంగం పెట్టారనుకుందాం. వక్త బల్బు, బంతి, గోళీకాయ పెట్టి నీడ ఎలా పడుతుందో చూపిస్తాడు. గ్రహణం పట్టగానే "తింటే ఏమీ కాదు" అంటూ అందరి ముందూ బిస్కెట్ తింటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. అతను చెప్పింది నిజమే. కానీ నిజం చెప్పేస్తే చెప్పేవాడి బాధ్యత తీరిపోతుందా?

ఆ గుంపులో ఒక తల్లి ఉండొచ్చు, చీలిన పెదవితో పుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని. మన భాషలో దాని పేరు "గ్రహణం మొర్రి". తప్పు ఎవరిదో ఆ పేరే చెప్పేస్తుంది: కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ కదిలింది, కత్తిపీట పట్టుకుంది, అందుకే బిడ్డ ఇలా పుట్టాడు అని. అత్తగారు అనకపోయినా ఆ తల్లి తనను తానే అనుకుంటుంది. వక్త మూఢనమ్మకాన్ని వెక్కిరిస్తే పక్కవాళ్లకి నవ్వొస్తుంది. ఆమెకి మాత్రం పాత నిందకి తోడు తెలివితక్కువదన్న కొత్త నింద వచ్చి పడుతుంది.

ఆమెకి కావలసింది తను సొంతంగా తూచి చూసుకోగల మాట. బిడ్డ పై పెదవి కడుపులో పడ్డ నాలుగో వారం నుంచి ఏడో వారం లోపలే కలిసిపోతుంది. చాలామందికి నెల తప్పిందని రూఢి అయ్యేది కూడా అప్పుడే. ఏడో నెలలో చీకటి గదిలో కదలకుండా పడుకున్నావా, కూరగాయలు తరిగావా అన్నదానితో ఆ పెదవికి సంబంధమే లేదు. ఇంకో సంగతి. చంద్రగ్రహణం దేశం మొత్తానికీ ఒకేసారి కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 7 రాత్రి అలాగే కనిపించింది. కారణం గ్రహణమే అయితే ఆ తర్వాత కొన్ని నెలలకు ప్రతి ఊళ్లోనూ ఇలాంటి పిల్లలు గుంపుగా పుట్టాలి. పుట్టారా? ఈ లెక్క వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సూటిగా ఖండించకపోతే భయం పోదు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో పస ఉంది. పదిమందిలో తిని చూపించడం కొందరికి ధైర్యమిస్తుంది, కాదనను. కానీ పంతులుగారి మాట బదులు నా మాట నమ్మండి అంటే, వినేవాళ్లు ఉన్నచోటే ఉంటారు, నమ్మే మనిషి మారతాడంతే. పైగా "ఏమీ కాదు" అన్నది పూర్తి నిజం కూడా కాదు. సూర్యగ్రహణాన్ని సరైన కళ్లద్దాలు లేకుండా చూస్తే కంటిపొర కాలిపోతుంది. పంచాంగమంతా చెత్త అన్నా అబద్ధమే అవుతుంది. గ్రహణం ఎన్నింటికి పడుతుందో, ఎన్నింటికి విడుస్తుందో సిద్ధాంతులు తరతరాలుగా లెక్కగట్టి చెబుతూనే ఉన్నారు. అది గణితం. ఏ రాశివాళ్లు శాంతి చేయించుకోవాలన్నది ఫలితం. గణితం ఒప్పయినంత మాత్రాన ఫలితం ఒప్పయిపోదు. ఈ రెంటినీ విడదీసి చూపిస్తే చాలు, విన్నవాళ్లు మిగతాది వాళ్లే ఆలోచించుకుంటారు.

వినేవాళ్లు ఏమీ తెలియకుండా వచ్చారనుకోవడం ఇంకో పొరపాటు. పల్నాటి రైతు ఏడాదిని కార్తెలతో కొలుస్తాడు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అది ఆ కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రెంటచింతల ఎండ చూసినవాళ్లకి ఆ సామెత విప్పి చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే, ఆ కార్తెలో రోహిణి కనపడదు. సూర్యుడి వెనకాల, ఆ వెలుగులో మునిగిపోయి ఉంటుంది. దాన్ని చూడాలంటే సంక్రాంతి దాకా ఆగాలి. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి మిరప చేలో నిలబడి తలెత్తితే, దాదాపు నడినెత్తినే ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. ఇక్కడి అక్షాంశానికి అది అంత చక్కగా సరిపోతుంది. అదిగో అదే రోహిణి అని వేలెత్తి చూపించినవాడు, ఆ రైతు నోట్లో ఎప్పుడూ నానే మాటని అతని కంటికి అందించినట్టు. గాలి నింపిన గుడారంలాంటి ప్లానిటోరియం పనికొచ్చేది ఇలాంటి చోటే. ఏడాది పొడుగునా సూర్యుడు నక్షత్రాల మధ్య ఎలా జరుగుతాడో పది నిమిషాల్లో అందులో చూపించవచ్చు. ఆ తర్వాత పిల్లల్ని బయటికి తీసుకొచ్చి అసలు ఆకాశం కూడా చూపించాలి.

చూపించకుండా వెళ్లిపోవడం మనకి కొత్తేం కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటలను గ్రహణం లేకపోయినా చూడవచ్చని మర్నాడే రుజువు చేశాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. వనపర్తికీ గుంటూరుకీ మధ్యనున్న పల్నాడు మీదుగానే ఆ నీడ సాగిపోయింది. ఇక్కడి జనానికి మిగిలింది మాత్రం పట్టపగటి చీకటి. రఘునాథాచారి ఆ లోటు గుర్తించినట్టున్నాడు. 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డం రాబోతున్నప్పుడు, అదేమిటో మామూలు జనానికి తెలియాలని దేశభాషల్లో చిన్న పుస్తకం తెచ్చాడు. చూడటం ఎంత పనో, చూసింది పంచడమూ అంతే పని అని ఆయనకి తెలుసు.

కోటప్పకొండ శివరాత్రి నాడు జనం వేలాదిగా మేలుకుని ఉంటారు. వెన్నెల లేని రాత్రి అది. ప్రభల మీద కరెంటు దీపాలు వెలుగుతుంటాయి, వాటి అందం వాటిదే. ఆ వెలుగుకి కాస్త దూరంగా, చీకట్లో ఒక టెలిస్కోప్ పెట్టుకుని ఎవరైనా కూర్చుంటే బాగుండును. జాగారం ఎందుకని వాదించక్కర్లేదు. వచ్చినవాళ్లని వరసలో నిలబెట్టి చూపించి, వాళ్లు అడిగిందానికి ఓపిగ్గా జవాబు చెబితే చాలు. అడగడానికి జంకేవాళ్లు కూడా అడిగేలా ఉండాలి ఆ చోటు.